పొయ్యి మీద ఏముండాది?

కలోటి గ్రామం,
హిమాచల్ ప్రదేశ్.
అక్టోబర్ 12

ప్రభువునందు ప్రియమైన ఓబులమ్మ అత్తకు, నీ మేనకోడలు రెజీనా వందనాలు.

నేను క్షేమం. నువ్వూ, పక్కింటి మదార్ బీ పెద్దమ్మా క్షేమమే అనుకుంటాను. ఫోన్ చేయలేదని కోప్పడొద్దు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే ఊరి పైనున్న కొండెక్కాలి. ఎక్కేసరికి మాట్లాడటానికి ఊపిరి మిగలదు. మొన్న అంత కష్టపడి ఎక్కి నాన్నకు ఫోన్ చేస్తే, నా ఆయాసం విని, "ఎవురో పనిలేనోడు ఫోన్‌లో బుసలు కొడతాండాడు" అని పెట్టేశాడు. అందుకే ఉత్తరం. పోస్టుమాన్ మాత్రం వానొచ్చినా ఆగడు.

మా ఆసుపత్రి రెండు గదులది. డాక్టరు నెలకోసారి వస్తాడు, మిగతా రోజులు నేనే. నాకు ముందు నలుగురు నర్సులు వచ్చారట. నలుగురూ మంచు పడేలోపల దిగిపోయారు. నన్ను రైలెక్కించేటప్పుడు నాన్న ఏమన్నాడో నువ్వూ విన్నావుగా: "కోసిగి ఎండలో పుట్టిన పిల్ల, చలికి రెండు నెలలు కూడా ఆగదు." ఆగుతానత్తా. ఆగి చూపిస్తాను. కాకపోతే ఆ ఆగడం ఇప్పుడు ఒక ఇనప పొయ్యి చేతిలో ఉంది.

నా అద్దె ఇంటి మధ్యలో ఉంటుంది అది. నాలుగు కాళ్ల ఇనప పెట్టె, ముందు చిన్న తలుపు, వెనక నుంచి ఇంటి కప్పు దాటి పైకి పోయే గొట్టం. అందులో కట్టెలు మండిస్తే ఇల్లంతా వెచ్చబడాలి. ఊళ్లో అందరి ఇళ్లూ వెచ్చబడుతున్నాయి. నాకు నర్సింగులో సూది వేయడం, కట్టు కట్టడం, కాన్పు చేయడం నేర్పారు గానీ పొయ్యి రాజేయడం నేర్పలేదు. మొదటి రోజు అట్టపెట్టెలూ, పాత కాగితాలూ, రెండు లావు దుంగలూ ఒకేసారి కుక్కి అగ్గిపుల్ల గీశాను. గొట్టం మధ్యలో ఒక మూత ఉంటుందట, దాన్ని తెరవాలట. నాకేం తెలుసు? పొగంతా ఇంట్లోకే వచ్చింది. ఊరు ఊరంతా నీళ్ల బిందెలతో పరిగెత్తుకొచ్చింది. మా ఇంటి ఓనరమ్మ, ఆమెను అందరూ అమ్మాజీ అంటారు, నా మొహం చూసి నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది.

ఇప్పుడు ఎలాగో వెలుగుతోంది. ఆసుపత్రి నుంచి రాగానే ముట్టించి, పడుకునే దాకా దాని ముందే కూర్చుంటాను. ఆదివారమైతే రోజంతా అంతే. పొయ్యి మీద ఏమీ ఉండదు, ఊరికే మండుతూ ఉంటుంది. గ్యాస్ ఇంకా రాలేదు, తిండికి అమ్మాజీ పిలిస్తే పోతాను.

ఇరవై ఏళ్లుగా బడి పిల్లలకు కట్టెల పొయ్యి మీద మధ్యాహ్న భోజనం వండుతున్నదానివి. నీకు తెలియని పొయ్యి ఉండదు. నేనేం తప్పు చేస్తున్నానో రాయి.

నీ రెజీనా

తా.క. కనుబొమ్మలు మళ్లీ మొలుస్తాయనే అంటోంది అమ్మాజీ.


కోసిగి,
కర్నూలు జిల్లా.
అక్టోబర్ 23

మా తమ్ముని కూతురు రెజీనాకు అత్త ఓబులమ్మ దీవెనలు.

నిన్ను చల్లగా చూడమని దేవుణ్ణి అడగబోయి ఆగినా. ఆడ ఇప్పటికే చల్లగా ఉండాదంట గదా. వెచ్చగా చూడు తండ్రీ అని అడిగినా.

ఏమ్మే, పొయ్యిలో కట్టెలు కుక్కుతారా ఎవురన్నా? నీ నోట్లో అంత సంగటి కుక్కితే నీకు ఊపిరాడతాదా? పొయ్యికీ అంతే. దానికి గాలి ఆడల్ల. ముందు సన్న పుల్లలు పెట్టు, గూడు మాదిరి. మా ఈడ కంది కట్టె పెడతాం, ఆడ ఏం దొరుకుతాదో చూసుకో. అవి అంటుకున్నాక వేలు లావువి వేయి. అవి ఎర్రగా అయినాక మణికట్టు లావువి. దుంగ మాటే ఎత్తొద్దు అప్పుడే. పొయ్యిని తొందర పెట్టినోళ్లు ఎవురూ బాగుపడలేదు.

కట్టె ఎండిందో లేదో చూసేది కంటితో గాదు, చెవితో. రెండు కట్టెలు తీసుకొని ఒకదానితో ఒకటి కొట్టు. ఎండింటే ఖంగుమంటాది. పచ్చిదైతే నిద్రలో లేపినోని మాదిరి మొద్దుగా పలుకుతాది. పచ్చి కట్టె ఇచ్చినోడు ఎంత మంచోడైనా సరే, వెనక్కి ఇచ్చేయి.

పడుకునేటప్పుడు నిప్పులు ఆర్పొద్దు. బూడిదతో కప్పి పెట్టు. తెల్లారి బూడిద తీసి రెండుసార్లు ఊదితే లేస్తాయి. కిటికీ మాత్రం కొంచెం తెరిచి పెట్టుకో పాపా, మూసిన ఇంట్లో నిప్పు మనిషిని తినేస్తాది. ఈ మాట మరిచిపోతే నేను ఊరుకోను.

ఈడ వాన చుక్క లేదు. సగం ఊరు పత్తి పనికీ, మిరప పనికీ గుంటూరు దిక్కు పోయినారు. మా వీధిలో మనుషుల కంటే తాళాలు ఎక్కువ ఉండాయి. మదార్ బీ, నేను, రెండు పొయ్యిలు. అంతే.

నీ అత్త
ఓబులమ్మ

తా.క. పొయ్యి మీద ఏమీ లేదని రాసినావు. చేతి పొరపాటు అనుకున్నా. ఏం వండుకుంటాండావో సరిగ్గా రాయి.


కలోటి,
నవంబర్ 3

ప్రియమైన, మహా ప్రియమైన ఓబులమ్మ అత్తకు,

ఒక్క అగ్గిపుల్ల! ఒకే ఒక్కటి!

నీ ఉత్తరం అందిన సాయంత్రమే అమ్మాజీ కట్టెల కొట్టంలో దూరి, రెండేసి కట్టెలు తీసి చెవి దగ్గర పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను. ఊళ్లో నలుగురు చేరారు. నర్సమ్మకు చలికి బుర్ర చెడిందని ఒకతను అంటుంటే విన్నాను. నేనేం పట్టించుకోలేదు. ఖంగుమన్నవన్నీ ఒక పక్క, మొద్దువన్నీ ఒక పక్క పేర్చాను. ఇన్నాళ్లూ నాకు కట్టెలు తెచ్చిన పెద్దాయన అప్పుడే కొట్టంలోకి తొంగిచూసి, తను తెచ్చినవన్నీ మొద్దుల పక్కన ఉండటం చూసి వెళ్లిపోయాడు. మర్నాడు ఎండినవి తెచ్చాడు.

పుల్లలు గూడులా పెట్టి, గొట్టం మూత తెరిచి, ముట్టించాను. పొగే లేదత్తా. మంట చిన్నగా లేచి, కట్టె వెంబడి పాకి, కాసేపటికి ఇనుమంతా టిక్కు టిక్కుమంటూ వేడెక్కింది. అరగంటలో స్వెట్టరు తీసేశాను, గంటలో కిటికీ ఇంకొంచెం తెరిచాను. బయట మంచు పడుతోంది. నా జన్మలో చూసిన మొదటి మంచు. లోపల నేను కోసిగి మే నెలలా చెమటలు కక్కుతున్నాను. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మర్నాడు పొద్దున బూడిద తీస్తే నిప్పులు ఎర్రగా కళ్లు తెరిచాయి. నీకు ఇక్కడి నుంచే దండం పెట్టాను.

అమ్మాజీ వచ్చి నా పొయ్యి చుట్టూ తిరిగి చూసి, "ఎవరు నేర్పారు?" అంది. మా అత్త అన్నాను. "మీ అత్త ఊళ్లో ఎంత మంచు పడుతుంది?" అంది. మా అత్త ఊళ్లో వానే పడదు అన్నాను. చాలాసేపు ఆలోచించుకుంటూ వెళ్లిపోయింది.

పొయ్యి మీద ఏముందని అడిగావు. నిజంగానే ఏమీ లేదత్తా. ఇది వంటకు కాదు, చలికి పెట్టుకునేది. నా తిండి గురించి దిగులు పడకు. నేను బయటే తినేసి వస్తాను.

నీ శిష్యురాలు
రెజీనా

తా.క. కొండలెక్కి దిగి చుడీదార్లన్నీ వదులైపోయాయి. రెండు వైపులా కుట్టేసుకున్నాను.


కోసిగి,
నవంబర్ 14

రెజీనాకు అత్త రాసేది.

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టినా. మల్ల తీసి చదివినా. నువ్వు పొయ్యి బాగా పెట్టినావు, నాకు శానా సంతోషం. ఇప్పుడు నేను చెప్పేది కూర్చొని చదువు.

'చలికి పెట్టుకునే పొయ్యి' అని రాసినావు. ఆ మాట నాకు కొత్త గాదు. మా అమ్మ నోట విన్నా. మీ నాయనకు అప్పుడు నాలుగేండ్లు, నాకు తొమ్మిది. పెద్ద కరువు. మా వీధిలో ఎవురింట్లో పొగ లేయకపోతే ఆ ఇంట్లో గింజలు లేవని అందరికీ తెలిసిపోతాది. మా అమ్మకు ప్రాణం పోయినా ఆ మాట పడేది ఇష్టం లేదు. అందుకే తెల్లారంగానే పొయ్యి రాజేసేది. ఉత్త పొయ్యి. మీద ఏమీ ఉండదు. పక్కింటామె వచ్చి, "ఏమమ్మా ఓబులమ్మ వాళ్లమ్మా, పొయ్యి మీద ఏమీ పెట్టలేదే?" అంటే, "చలిగా ఉంటే పెట్టినాలే అక్కా" అనేది. కోసిగిలో చలి! ఎవురన్నా పిడికెడు తెచ్చిస్తే మా ఇద్దరికీ గంజి కాచి పోసి, తాను బయట తినేసి వచ్చినానని చెప్పేది. నేను నమ్మినా. తొమ్మిదేండ్ల దాన్ని, నమ్మినా. మా అమ్మ ఆ ఏడు దాటలేదు.

ఇప్పుడు నువ్వు నాకు అవే రెండు మాటలు రాస్తివి. చుడీదార్లు కుట్టుకున్నానని గూడా రాస్తివి. నలుగురు నర్సులు ఊరికే పారిపోయింటారా? జీతం ఇయ్యకుండా మాడ్చింటారు. నువ్వు మీ నాయన మాటకు పౌరుషం పట్టుకొని ఆడనే కూర్చున్నావు. అచ్చం మా అమ్మ, మీ జేజి. ఈసారి నేను నమ్మను పాపా. ఒకసారి నమ్మినదానికే ఇంత కాలం ఏడుస్తాండా.

మన చర్చిలో ఆడోళ్లం వండుకునే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతాం గదా, లేనోళ్ల కోసం. ఈ నెల ఆ సంచి నీకే. ఊళ్లో ఉండేది సగం మందే అయినా సంచి నిండింది. నేను కొర్రలు, జొన్నపిండి, ఎండుమిరపకాయలు వేసినా. మదార్ బీ మన చర్చి గాదు గానీ, "నా పిడికిలి మాత్రం పిడికిలి గాదా?" అని రెండు శేర్ల కందిబేడలు పోసింది. రోట్లో దంచిన ఊరిబిండి వేరే డబ్బాలో ఉండాది, దాన్ని ఎండలో పెట్టొద్దు. ఎండ ఉండదంటే సరేలే. మూడు మూటలు పోస్టులో వస్తాండాయి.

సిగ్గు పడొద్దు. తిను.

అత్త ఓబులమ్మ

తా.క. పాస్టర్ నెహెమ్యా గారు ఆదివారం నీ కోసం ప్రార్థన చేసినారు. నీ పేరు బయట పెట్టొద్దని నేను ముందే చెప్పినా. ఆయన పేరు చెప్పలేదులే. 'హిమాలయాల్లో నర్సుగా పోయి పస్తులుంటాండే మన శాంతయ్య కూతురు' అన్నారు, అంతే.


కలోటి,
నవంబర్ 25

అయ్యో అత్తా! అయ్యో అయ్యో!

ముందు జేజి సంగతి. నాన్న నాకు ఈ మాట ఒక్కరోజు కూడా చెప్పలేదు. ఆయనకు గుర్తుందో లేదో కూడా తెలియదు. చదివి చాలాసేపు ఏడ్చాను. అమ్మాజీ కంగారుపడి, ఎందుకో తెలియకుండానే ఆమె కూడా ఏడ్చింది. నీ మనసులో ఇంత ఉందని తెలియక నేను ఎంత తేలిగ్గా రాసేశాను.

కానీ అత్తా, దేవుని తోడు, నేను తింటున్నాను! ఇక్కడ బిందెలో నీళ్లు తెల్లారేసరికి రాయి అవుతాయి. కొబ్బరినూనె సీసా పగలగొట్టి తీసుకోవాలి. నోట్లోంచి మాటకంటే ముందు ఆవిరి వస్తుంది. ఈ ఊళ్లో పొయ్యి లేకపోతే మనిషి ఆకలితో కాదు, చలితో పోతాడు. అందరూ ఉత్త పొయ్యి ముందే కూర్చుంటారు. అదే ఇక్కడి ఆచారం. సర్పంచ్ కూడా ఉత్త పొయ్యి ముందే కూర్చుంటాడు, ఆయనకు రెండు ఆపిల్ తోటలున్నాయి. నా జీతం కూడా నెలనెలా వస్తోంది.

నువ్వు నమ్మవని తెలిసి ఈ ఉత్తరంతో ఒక సర్టిఫికెట్ జత చేస్తున్నాను. 'రెజీనా అను ఈమెను పరీక్షించగా రోజుకు మూడు పూటలా భోంచేయుచున్నదని తేలినది' అని నేనే రాసి, నేనే సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర కొట్టాను. సాక్షిగా అమ్మాజీ వేలిముద్ర.

మూటలు అందాయి. పోస్టుమాన్ వాటిని కంచరగాడిద మీద వేసుకొచ్చాడు. నీ కట్టు విప్పడానికి ముగ్గురం కావలసి వచ్చింది. కొర్రలు చూసి ఊళ్లోవాళ్లు పిట్టలకు వేసేవా అని అడిగారు, అన్నం వండి పెట్టాక రెండోసారి అడిగి వేయించుకున్నారు. మీ సంచిలో ఎవరి పిడికిలి ఏదో తెలియదు గానీ, అందరికీ నా దండాలు చెప్పు. ఇక పంపొద్దు. నిజంగా అవసరమున్న ఇల్లు మన ఊళ్లోనే ఉంటుంది, ఆ ఇంటికివ్వండి. నీ తృప్తి కోసం ఈ రోజు నుంచి పొయ్యి మీద ఒక గిన్నె పెట్టే ఉంచుతాను.

నీ, కడుపునిండా తింటున్న
రెజీనా

తా.క. ఊరిబిండి డబ్బా ఒక్కరోజులో అయిపోయింది. దీన్ని ఆకలి అనుకోవద్దు.


కోసిగి,
డిసెంబర్ 5

రెజీనాకు,

సర్టిఫికెట్ అందింది. దాన్ని చూసినాక నాకు చేతులు కాళ్లు ఆడలేదు. బువ్వ తినే మనిషికి బువ్వ తింటాండానని సర్టిఫికెట్ ఎందుకే? మా తాత ముత్తాతల్లో ఎవురన్నా తెచ్చుకున్నారా? ముద్ర ఎంత గట్టిగా కొట్టినావో అంత అనుమానం వచ్చింది నాకు. పాస్టరు గారికి చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని, "రాసిన చేయి వణికింది ఓబులమ్మా" అన్నారు.

పోనీ, పొయ్యి మీద గిన్నె పెట్టి ఉంచుతానని రాస్తివి. గిన్నెలో ఏముండాదో రాయలేదు. మా అమ్మ గూడా చివర చివర్లో గిన్నె పెట్టేది. ఉత్త నీళ్లు కాగేటివి.

అందుకే నేనే వస్తాండా. మదార్ బీ కొడుకు ఫారూఖ్ బేతంచెర్ల నుంచి బండల లారీ తోలతాడు గదా. తొమ్మిదో తేదీ చండీగఢ్‌కు లోడు ఉండాదంట. రైలైతే మూటలు ఇన్ని తేనియ్యరు, లారీలో బండల మీద ఎన్నైనా పెట్టుకోవచ్చు. చండీగఢ్ నుంచి బస్సులు వాడే ఎక్కిస్తానన్నాడు. బడిలో వంట స్వర్ణలతకు అప్పజెప్పినా. ఉప్పు ఎక్కువ వేస్తాది, అయినా పిల్లోళ్లు చావరు. క్రిస్మస్‌కు నీ కాడ ఉంటా. వద్దని రాయొద్దు, రాసినా నాకు అందదు.

నాకు ఒకటే కావల్ల. నీ పొయ్యి మీద గిన్నె మూత తీసి, నా కండ్లతో చూడల్ల.

అత్త

తా.క. మదార్ బీ నన్ను ఆపింది. "ఓబులమ్మక్కా, ఆదోని దాటితే నీకు ఎవురు తెలుసు?" అనింది. పొయ్యి తెలుసు అని చెప్పినా.


కోసిగి,
డిసెంబర్ 19

కలోటిలో నా ఇంట్లో ఉన్న ఓబులమ్మ అత్తకు, కోసిగిలో నీ ఇంట్లో ఉన్న రెజీనా వందనాలు.

అత్తా, మనిద్దరికీ బుద్ధి ఒకే చోట తయారైనట్టుంది. సర్టిఫికెట్ పంపాక నీకు అదీ చాలదని నాకే అనిపించింది. నన్ను నేనే పట్టుకొచ్చి నీ ముందు నిలబెడదామని నెల రోజులు సెలవు పెట్టాను. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. పదమూడున బయల్దేరాను. నువ్వొస్తున్నట్టు రాసిన ఉత్తరం నేనొచ్చేశాక అక్కడికి చేరి ఉంటుంది. నా రైలూ, నీ లారీ ఎక్కడో ఎదురెదురుగా పోయి ఉంటాయి.

స్టేషన్ నుంచి నడిచొస్తే నీ తలుపుకు తాళం. మదార్ బీ పెద్దమ్మ నన్ను చూసి, "యా అల్లా, ఆమె నీ కోసం పోయింది, నువ్వు ఆమె కోసం వచ్చినావా?" అని నెత్తి కొట్టుకుని, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తాళం చెవి ఇచ్చింది.

సాయంత్రానికి చర్చి ఆడవాళ్లంతా వచ్చారు. ఎముకల గూడును చూద్దామని వచ్చినవాళ్లు, అత్తా! నేనేమో మీ మూటల పుణ్యాన, అమ్మాజీ నేతి పుణ్యాన బాగా ఒళ్లు చేసి ఉన్నాను. కుట్టుకున్న చుడీదార్లు మళ్లీ విప్పుకోవాల్సి వచ్చింది. అందరూ నన్ను పైనుంచి కిందికి చూశారు. చివరికి ఒకామె, "మేము పిడికెడు పిడికెడు తీసింది దీనికా?" అంది. రేషన్ కొట్టు సోమన్న అక్కడికక్కడే బియ్యం మూటలు తూచే కాటా తెప్పించి నన్ను నిలబెట్టాడు. బరువు గట్టిగా చదివి వినిపించాడు. నేను నర్సుని, ఎంతోమందిని తూచాను గానీ ఇంతమంది ముందు తూగింది ఇదే. పాస్టరు గారు క్రిస్మస్ ప్రసంగం మార్చుకోవాల్సి వచ్చిందని నా మీద కొంచెం కినుకగా ఉన్నారు.

కోపం ఒక్క పూటే. మర్నాటి నుంచి ఇంటికొకరు పిలిచి పెడుతున్నారు. నాన్న కూడా వచ్చి చూసి, "ఆగినావులే" అన్నాడు. ఆయన నోట అంతకంటే రాదని నీకు తెలుసు.

నా భయమల్లా నీ గురించే. నువ్వు చలి చూడలేదు. గొట్టం మూత తెరిచాకే ముట్టించు. తడి చేత్తో ఇనుము ముట్టుకోకు. సన్న పుల్లలు ముందు, లావువి తర్వాత. ఇదంతా నీకే నేర్పుతున్నానని నవ్వుకోకు, భయంతో రాస్తున్నాను. నీకేమైనా అయితే నేను బతకలేను అత్తా. జనవరి పన్నెండుకల్లా వచ్చేస్తాను. అక్కడే ఉండు.

నీ రెజీనా

తా.క. స్వర్ణలత వంట తిన్నాను. బడి పిల్లలు నిన్ను తలుచుకుని నీళ్లు తాగుతున్నారు. చాలా నీళ్లు తాగుతున్నారు.


కలోటి,
డిసెంబర్ 29

కోసిగిలో మా ఇంట్లో కూర్చున్న రెజీనాకు, నీ ఇంట్లో కూర్చున్న అత్త దీవెనలు.

నేను చేరినా. ఫారూఖ్ దారి పొడుగునా నన్ను కన్నతల్లి మాదిరి చూసుకున్నాడు, నేను వానికి దారి పొడుగునా మూడు రాళ్లు పెట్టి వండి పెట్టినా. ఆఖరి బస్సు దిగంగానే టకటకా చప్పుడైతే ఎవురో తలుపు కొడతాండారని వెనక్కి తిరిగి చూసినా. నా పండ్లే, చలికి.

అమ్మాజీతో మాట్లాడేదానికి మదార్ బీ కాడ నేర్చిన ఉర్దూ అక్కరకొచ్చింది. ఆమె చెప్పేది సగం నాకు అర్థం కాదు, నేను చెప్పేది సగం ఆమెకు అర్థం కాదు. మిగిలినదాంట్లోనే కావలసినంత కొట్లాడుకున్నాం. గుమ్మంలోనే అడిగినా, మా పిల్ల తింటాదా అని. ఆరు వేళ్లు చూపించింది. ఆరు రొట్టెలు. పూటకు! మీద నెయ్యి. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. మల్ల సిగ్గొచ్చింది. నిన్ను అనుమానించినందుకు గాదు. ఆరు రొట్టెలంటే మన ఇంటోళ్ల గురించి ఈ ఊరు ఏమనుకోనింటాది?

నువ్వు రాసిందంతా నిజమే పాపా. నమ్మనందుకు నన్ను క్షమించు.

నీ పొయ్యి చూసినా. ఎంత మంచి పొయ్యి! ఒక్క చిటికెడు పొగ బయటికి రాదు, ఒక్క కట్టె గంటసేపు నిలుస్తాది. చేసినోని చేతికి మొక్కల్ల. నాకు ఒకటే బాధ. అంత నిప్పు ఊరికే పోతాంటే చేయి ఆగలేదు. తెచ్చిన మూటలు విప్పి వండడం పెట్టుకున్నా. మొదటి దినం అమ్మాజీ ఇంటికి, రెండో దినం పక్కిండ్లకు, క్రిస్మస్ దినం ఊరందరికీ. సంగటి ముద్ద ఎట్ల మింగల్లో వాళ్లకు నేర్పినా. సర్పంచ్ వచ్చి మూడు ముద్దలు తిని ఆడనే నిద్రపోయినాడు.

మర్నాడు పెద్ద మంచు పడింది. తలుపు సగం దాకా మంచే. మూటలు అయిపోయినాయి. వండేదానికి ఏమీ లేదు, వండి పెట్టేదానికి ఎవురూ రాలేదు. నేను గిన్నెలు కడిగినా, మల్ల కడిగినా, మూడోసారి తీస్తాంటే అమ్మాజీ నా చేతిలోది గుంజుకొని, భుజాలు పట్టి పొయ్యి ముందర కూర్చోబెట్టింది. "బైఠో" అనింది.

కూర్చున్నా. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. పొయ్యి మండతాంది. మీద ఏమీ లేదు. నా చేతులు రెండూ ఒళ్లో ఊరికే ఉండాయి.

రెజీనా, అమ్మ పోయిన కాడి నుంచి నేను పొయ్యి కాడనే ఉండా. మీ నాయనకు వండినా, కట్టుకున్నోనికి వండినా, బడి పిల్లోళ్లకు వండినా. మంట కనపడితే ఎవురో ఆకలితో ఉండారనే నాకు. నా ఒంటికి వెచ్చగా ఉంటాదని ఎవురూ ఒక్క కట్టె ముట్టించలేదు, నేనూ ముట్టించుకోలేదు. ఎవురికీ వండకుండా పొయ్యి కాడ కూర్చోవడం నా జన్మలో ఇదే మొదలు. ఇంత సుఖంగా ఉంటాదని నాకు తెలీదు. మా అమ్మ గూడా ఒక్క దినం, ఒక్క దినమన్నా, ఇట్ల నిజంగా చలికి కూర్చోనింటే ఎంత బాగుండు. శానా సేపు ఏడ్చినా. అమ్మాజీ లేచి ఇంకో కట్టె వేసింది.

ఇప్పుడు అసలు సంగతి. నీ సెలవు అయిపోతానే నువ్వు రావల్ల, ఈ ఊరికి నర్సు కావల్ల. నేను మాత్రం మంచు కరిగే దాకా రాను. బడోళ్లతో మాట్లాడు. స్వర్ణలతకు ఉప్పు తగ్గించమని చెప్పు. నా ఇంటి తాళం చెవి మదార్ బీకి ఇచ్చి రా. నువ్వు వచ్చినాక కిటికీ పక్క మంచం నీది. పొయ్యి పక్కది నాది, దాని గురించి మాట్లాడొద్దు.

అత్త ఓబులమ్మ

తా.క. పాస్టరు గారు నేను ఈడ ఏం చేస్తాండానని అడిగితే, ఏమీ చేయడం లేదని చెప్పు. నమ్మరు. రెండోసారి చెప్పు.